టీబీ స్టడీకి ఇచ్చిన రక్తం పోలీసుల చేతికి పోతుందా? నాన్నతో వేలిముద్ర వేయించవచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీది డోన్ దగ్గర పల్లె. మీ నాన్న బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ పనికి పోయేవారు. ఊపిరితిత్తుల టీబీ అని తేలి కర్నూలులో మందులు మొదలుపెట్టారు. అక్కడ ఒక స్టడీ వాళ్లు వచ్చి, తెమడ, రక్తం ఇప్పుడొకసారి, రెండు నెలలకు ఇంకోసారి ఇవ్వాలని, ఫారం మీద వేలిముద్ర వేయాలని అడిగారు. మాటల్లో "డీఎన్ఏ పరీక్ష" అన్నారు. అది విని మీ మామ అడ్డం పడ్డారు: "బస్సు కాలినప్పుడు ఇట్లనే రక్తం తీసుకున్నారు. ఇది పోలీసోళ్ల పని. రేపు ఏ కేసులో ఇరికిస్తారో." ఇప్పుడు ఏం చేయాలి?

వేయించవచ్చు. ఆ రక్తం పోలీసుల కోసం తీసుకునేది కాదు, వాళ్లకు పంపేదీ కాదు. అయితే వేలిముద్రకు ముందు ఆ ఫారంలో కొన్ని చోట్ల కచ్చితంగా చూడాలి. అవి కింద చెబుతాను. ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం: వేయకపోయినా మీ నాన్న మందులు ఆగవు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. స్టడీలో చేరితేనే మందులు అని ఎవరైనా అంటే అది తప్పు, వెంటనే పై డాక్టరుకు చెప్పండి.

నేను చాలా ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. తర్వాత టీబీ, హెచ్ఐవీ స్టడీల్లో కోఆర్డినేటర్‌గా ఉన్నాను. ఇప్పుడు ఒక ఎథిక్స్ కమిటీలో, అంటే స్టడీల్లో చేరే రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీలో సభ్యుణ్ని. ఫోరెన్సిక్ మెడిసిన్, అంటే పోలీసు కేసుల కోసం శవాలను, నమూనాలను పరీక్షించే వైద్య విభాగం వాళ్ల పని కూడా దగ్గరుండి చూశాను కాబట్టి రెండు వైపులా చెప్పగలను.

ముందు మీ మామ భయం గురించి. దాన్ని కొట్టిపారేయకండి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ముఖం చూసి, బట్టలు చూసి గుర్తుపట్టే పరిస్థితి లేదు. అప్పుడు చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల నుంచో, పిల్లల నుంచో, తోబుట్టువుల నుంచో రక్తం తీసుకుని, శవాల నుంచి తీసిన నమూనాలతో పోల్చి, ఎవరి మనిషిని వాళ్లకు అప్పగించారు. కర్నూలు జిల్లాలో ఆ రోజులు చూసినవాళ్లకు "రక్తం, డీఎన్ఏ" అనగానే అదే గుర్తొస్తుంది. తప్పులేదు.

కానీ అక్కడ వెతికింది వేరు, ఇక్కడ వెతికేది వేరు.

మనిషిని గుర్తించే పరీక్షలో చూసేది మనిషి డీఎన్ఏలో కొన్ని నిర్ణీత చోట్లు. ఆ చోట్ల ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరికి పదకొండు సార్లు వస్తే ఇంకొకరికి పద్నాలుగు సార్లు రావచ్చు. ప్రతి చోటా ఒక సంఖ్య తల్లి నుంచి, ఒక సంఖ్య తండ్రి నుంచి వస్తుంది. ఇలాంటి ఇరవై దాకా చోట్లు కలిపి చూస్తే ఆ వరస ఇంకొకరితో కలవడం దాదాపు అసాధ్యం, కవలల్లో ఒకే రూపువాళ్లను మినహాయిస్తే. బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో దారి చూపిన పద్ధతికి ఇది తర్వాతి రూపం. మన దేశంలో ఈ పనికి పునాది వేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్. ఈ పరీక్ష చేసే కిట్లు వేరు, యంత్రాలు వేరు, చేసే మనుషులు వేరు.

టీబీ స్టడీలో "డీఎన్ఏ" అన్నప్పుడు తొంభై పాళ్లు అది మీ నాన్న డీఎన్ఏ కాదు, టీబీ క్రిమి డీఎన్ఏ. తెమడలో ఉన్న బ్యాక్టీరియాను పగలగొట్టి, అందులో ఆర్‌పీఓబీ అనే జన్యువులో మార్పు ఉందా అని చూస్తారు. మార్పు ఉంటే రిఫాంపిసిన్ మందు పనిచేయదని అర్థం. సీబీనాట్, ట్రూనాట్ అని మీరు చీటీ మీద చూసి ఉంటారు, అవి చేసేది ఇదే. మీ నాన్నకు రోగ నిర్ధారణ చేసినప్పుడే ఒక డీఎన్ఏ పరీక్ష అయిపోయి ఉంటుంది, మీ మామకు తెలియకుండానే. స్టడీల్లో ఇంకో అడుగు ముందుకేసి క్రిమి జన్యువు మొత్తం చదువుతారు. ఒకే వీధిలో ఇద్దరికి వచ్చిన టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటిందా, వేర్వేరుగా వచ్చిందా అనేది దాంతో తెలుస్తుంది.

రక్తం ఎందుకు అంటారా? కాలేయం ఎలా ఉంది, చక్కెర ఉందా, హెచ్ఐవీ ఉందా, క్రిమిపై ఒంట్లో రక్షణ ఎంత ఉంది, ఇవి చూడడానికి. కొన్ని స్టడీల్లో మాత్రం మనిషి జన్యువులనూ చూస్తారు. ఉదాహరణకు ఎన్ఏటీ2 అనే జన్యువు. దీన్ని బట్టి ఐసోనియాజిడ్ మందు ఒంట్లో త్వరగా కరుగుతుందా, మెల్లగా కరుగుతుందా తెలుస్తుంది. మెల్లగా కరిగేవాళ్లకు కాలేయం దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఇది పనికొచ్చే పరిశోధనే. కానీ మీ నాన్న జన్యువును చూస్తారంటే ఫారంలో ఆ మాట విడిగా రాసి ఉండాలి, విడిగా ఒప్పుకోవాలి.

ఇప్పుడు రెండు ట్యూబుల సంగతి చెబుతాను.

ఫోరెన్సిక్ పనికి రక్తం తీసేటప్పుడు ఇచ్చే మనిషి ఫొటో ఫారానికి అంటిస్తారు. సంతకం సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. వేలిముద్రలు, సాక్షుల సంతకాలు ఉంటాయి. ట్యూబుకు గుడ్డ చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేస్తారు. అదే సీలు ముద్ర ఇంకో కాగితం మీద వేసి విడిగా పంపుతారు, ల్యాబ్‌లో రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి. ఎవరు ఎవరి చేతికి ఎన్ని గంటలకు ఇచ్చారో ప్రతి అడుగూ రాసి ఉంటుంది. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా కోర్టులో లాయరు పట్టుకుంటాడు.

స్టడీ ట్యూబు చూడండి. చిటికెన వేలంత చిన్న సీసా. మీద ఒక నంబరు, బార్‌కోడ్, తేదీ. పేరు లేదు, ఊరు లేదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో వందల సీసాల మధ్య అదొకటి. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టర్ వేరే చోట బీరువాలో తాళం వేసి ఉంటుంది. ల్యాబ్‌లో పరీక్ష చేసేవాళ్లకు ఆ రిజిస్టర్ చూసే పని ఉండదు. ఫొటో లేదు, సీలు లేదు, పోలీసు లేడు. నేరం రుజువు చేయాలనుకునేవాడికి ఇది చాలా బలహీనమైన సాక్ష్యం. పోలీసులకు నిజంగా ఒకరి డీఎన్ఏ కావాలంటే చట్టప్రకారం నేరుగా తీసుకునే దారే ఉంది. నేరం మోపి అరెస్టు చేసిన మనిషిని డాక్టరు చేత పరీక్ష చేయించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టం 51, 52 సెక్షన్లలో ఉంది. దోషులు, అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, కంటిపాప, జీవ నమూనాల వంటివి తీసి భద్రపరచడానికి 2022లో విడిగా ఒక చట్టం కూడా వచ్చింది. ఆసుపత్రికి దగ్గుతో వచ్చిన మీ నాన్నకు ఇవేవీ వర్తించవు. ఫారం మీద వేసే వేలిముద్ర కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది, పోలీసుల వేలిముద్రల రికార్డులోకి ఎక్కదు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. వైద్యం కోసం తీసిన రక్తం ప్రపంచంలో ఎక్కడా పోలీసుల చేతికి పోలేదా అంటే, పోయింది. స్వీడన్‌లో 1975 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ రక్తపు చుక్కను ఒక జబ్బు పరీక్ష కోసం తీసి దాచిపెడుతున్నారు. 2003లో ఆ దేశ విదేశాంగ మంత్రి అన్నా లింద్‌ను చంపిన కేసులో అనుమానితుడి చిన్ననాటి రక్తపు చుక్కను ఆ నిల్వ నుంచే పోలీసులు తీసుకున్నారు. దాని మీద అక్కడ పెద్ద గొడవ అయింది. మరుసటి ఏడాది సునామీలో చనిపోయిన స్వీడన్ వాళ్లను గుర్తించడానికి ఆ నిల్వే అక్కరకొచ్చింది. మన దగ్గర కూడా కోర్టు ఆదేశం వస్తే ఏ ఆసుపత్రీ ఎదురు తిరగలేదు. వైద్య పరిశోధనలను చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా గోప్యతకు కోర్టు ఆదేశాన్ని ఒక మినహాయింపుగా చెప్పాయి. డీఎన్ఏ వాడకానికి, డేటా బ్యాంకుకు ప్రత్యేక చట్టం తేవాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి "ఎప్పటికీ, ఏ పరిస్థితిలోనూ జరగదు" అని నేను ప్రమాణం చేయను. ఒక టీబీ రోగి విషయంలో ఆ భయంతో స్టడీకి దూరంగా ఉండాల్సిన అవసరం లేదని మాత్రం గట్టిగా చెబుతాను.

దీనికి తిరగేసిన సంగతి ఒకటి నా ముందే జరిగింది. ఆదోని వైపు నుంచి ఒక తల్లి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు అంతకుముందు మా టీబీ స్టడీలో ఉండి మధ్యలో మానేశాడు. తర్వాత ఇల్లు వదిలిపోయాడు. రైలు పట్టాల మీద దొరికిన ఒక శవం అతనిదేమోనని పోలీసులు కబురు చేశారు, ముఖం ఆనవాలు లేదు. "మీ దగ్గర నా బిడ్డ రక్తం ఉంది కదా సారూ, అది ఇస్తే తేలిపోతుంది కదా" అంది. ఆ అబ్బాయి ఒప్పుకున్నది టీబీ పరిశోధనకు మాత్రమే. అందుకని డబ్బా తెరిచి ఇచ్చేయడానికి మాకు హక్కు లేదు. ఫోరెన్సిక్ వాళ్లను అడిగితే అసలు అది అక్కర్లేదన్నారు. తల్లి రక్తం, తండ్రి రక్తం ఉంటే చాలు, బిడ్డలో సగం ఆమెది, సగం ఆయనది. పైగా సీలు, సాక్షి, ఫొటోతో తీసిన ఆ రక్తానికి కోర్టులో బలం ఉంటుంది. స్టేషన్ నుంచి లేఖ తెప్పించి, ఇద్దరి రక్తం తీసి పంపారు. అతనే అని తేలింది, శవాన్ని వాళ్లకు అప్పగించారు. ఇది చదువుతున్న వాళ్లలో ఎవరి మనిషైనా తప్పిపోయి ఉంటే గుర్తుపెట్టుకోండి: పాత ఆసుపత్రి శాంపిళ్ల వెంట పడకండి. స్టేషన్‌కు పోయి, తల్లిదండ్రులో పిల్లలో రక్తం ఇస్తామని రాతపూర్వకంగా అడగండి.

సరే, ఫారంలో ఏం చూడాలి.

మందు మారుస్తారా, లేక శాంపిళ్లు మాత్రమేనా? ఇదే మొదటి ప్రశ్న. మీరు రాసిన దాన్ని బట్టి శాంపిళ్లు తీసుకునే స్టడీ లాగుంది. అలాగైతే ప్రమాదం దాదాపు సూది గుచ్చిన నొప్పి వరకే. కొత్త మందో, కొత్త టీకానో ఇచ్చే ట్రయల్ అయితే లెక్క మారుతుంది. 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. కొన్ని ట్రయల్స్‌లో ఒప్పుకోలును వీడియో తీయడం తప్పనిసరి. హెచ్ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో ముఖం కనపడకుండా ఆడియో మాత్రమే రికార్డు చేస్తారు, రోగి పరువు కోసం. ట్రయల్ అయితే సీటీఆర్ఐ నంబరు అడగండి. అది దేశంలోని ట్రయల్స్ అన్నీ నమోదయ్యే రిజిస్ట్రీ, 2009 నుంచి తప్పనిసరి. ఫోన్లో ఆ నంబరు కొడితే ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్నీ కనిపిస్తాయి.

మిగిలిన రక్తాన్ని దాచుకోవచ్చా అన్న గడి. చాలా ఫారాల చివర "భవిష్యత్తు పరిశోధనకు నా నమూనా నిల్వ చేయడానికి ఒప్పుకుంటున్నాను: అవును / కాదు" అని ఉంటుంది. హడావిడిలో ఎవరూ దీన్ని చదివి వినిపించరు. స్టడీకి అవును అని, దీనికి మాత్రం కాదు అని పెట్టవచ్చు. లేదా టీబీ పరిశోధనకు మాత్రమే అని పరిమితం చేయవచ్చు. మీ మామ భయం తీరాలంటే ఈ గడి దగ్గర "కాదు" పెట్టించండి, స్టడీ ఏమీ ఆగదు. తర్వాత మనసు మారితే నమూనా పారేయమని అడిగే హక్కు కూడా ఉంది. అయితే నంబరుకూ పేరుకూ ఉన్న లంకె పూర్తిగా తీసేశాక ఏది ఎవరిదో వాళ్లకే తెలియదు, అప్పుడు వెనక్కి తీయడం కుదరదు. అడిగేదేదో త్వరగా అడగండి.

సాక్షి ఎవరు? మీ నాన్నకు చదువు రాదు కాబట్టి, ఫారం చదివి వినిపిస్తున్నంత సేపూ స్టడీతో సంబంధం లేని, చదువొచ్చిన మనిషి పక్కన ఉండాలి, ఆయన సంతకం పెట్టాలి. వేలిముద్ర అయ్యాక ఎవరినో పిలిచి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు. ఒక చోట మేం ఫారాలు తనిఖీ చేస్తే ప్రతి వేలిముద్ర కిందా సాక్షిగా ఒకే వార్డు ఉద్యోగి సంతకం ఉంది. కొత్త రోగులను చేర్చుకోవడం ఆపించాం, పాతవాళ్లందరికీ మళ్లీ మొదటి నుంచి చెప్పించాం. ఇది చాదస్తం కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాల ప్రాజెక్టు చేసినప్పుడు, హాస్టల్ పిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు, పార్లమెంటరీ కమిటీ దాకా పోయింది. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే విషయం. అడగాల్సిన వాళ్లను అడగలేదు, అదీ తప్పు. తెలుగు గడ్డ మీద స్టడీలు చేసే ప్రతి ఒక్కరూ ఆ సంగతి మరిచిపోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఫారం తెలుగులో లేకపోతే వేలిముద్ర వేయించకండి. ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి, అది మీ హక్కు. అందులో పెద్ద డాక్టరు ఫోను, ఎథిక్స్ కమిటీ ఫోను రెండూ ఉండాలి. "రేపు ఇంట్లో మాట్లాడి చెబుతాం" అంటే ఎవరూ కాదనకూడదు.

హెచ్ఐవీ గురించి ఒక మాట. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేయాలని చెబుతారు, కంగారు పడకండి. ఫలితం ఏదైనా, ఒప్పుకోలు లేకుండా గానీ కోర్టు ఆదేశం లేకుండా గానీ బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టం చెబుతుంది. టీబీ వివరాలు మాత్రం స్టడీలో చేరినా చేరకపోయినా నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్లో నమోదవుతాయి. 2012 నుంచి టీబీని ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. అది ఆరోగ్య శాఖ లెక్క, మందులూ డబ్బులూ రావడానికి.

మీ మామ "మనకేం లాభం" అని కూడా అడిగారట. మీ నాన్నకు నేరుగా పెద్ద లాభం ఉండకపోవచ్చు, ఉందని చెప్పి ఒప్పించడం అన్యాయం. కానీ ఈ రోజు ఆయన శానటోరియంలో, అంటే టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో, ఏళ్లకేళ్లు మంచం మీద పడి ఉండకుండా ఇంట్లో ఉండి మాత్రలు వేసుకుంటున్నారంటే, 1950ల చివర్లో మద్రాసులో రోగులు ఒక స్టడీకి ఒప్పుకున్నందువల్ల. ఇంట్లో వైద్యం చేసినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని అక్కడ తేలింది. జిల్లా స్థాయిలో టీబీ కార్యక్రమం ఎలా నడపాలో 1960ల మొదట్లో మన పక్కన అనంతపురం జిల్లాలోనే నడిపి చూశారు. ఈ మధ్య జార్ఖండ్‌లో రోగి ఇంటికి నెల నెలా తిండి గింజలు ఇచ్చి చూస్తే, ఆ ఇంట్లో మిగతావాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 ఉన్న సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఆ డబ్బు మీ నాన్న ఖాతాలో పడుతోందో లేదో ఈ వారమే చూసుకోండి, స్టడీ కన్నా అది అర్జెంటు. రాతి దుమ్ములో పనిచేసిన సంగతి కూడా డాక్టరు చీటీలో రాయించండి. సిలికా ఉన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ, ఆ సంగతి డాక్టరుకు తెలిసి ఉండాలి.

చివరగా డబ్బుల ప్రశ్న. స్టడీకి వచ్చిన రోజు బస్సు చార్జీలు, పోయిన కూలి ఇస్తామంటే తీసుకోండి, అది లంచం కాదు, నిబంధనల్లో ఉన్నదే. ఎంత ఇస్తారో ఫారంలోనే రాసి ఉండాలి. రెండో శాంపిల్ నాటికి మీ ఇంట్లో వాళ్లు మిరపకాయల కోతకు గుంటూరు పోయేటట్టయితే ఆ మాట కోఆర్డినేటర్‌కు ముందే చెప్పండి, తేదీ సర్దుతారు. స్టడీ శాంపిల్ తప్పినా పెద్ద నష్టం లేదు. మాత్రలు మాత్రం అక్కడి టీబీ యూనిట్‌కు ట్రాన్స్‌ఫర్ చేయించుకుని బయల్దేరండి, ఒక్క రోజు కూడా తప్పకుండా.